గేటు దగ్గర కొండ లేదు

ఒక మనిషి చెప్పిన మాట మీ వాదనలో ఇమడకపోతే మీరు మొదట దేన్ని అనుమానిస్తారు, ఆ మనిషినా, మీ వాదననా? తొందరపడి జవాబు చెప్పకండి. కాలేజీ రోజుల్లో ఈ ప్రశ్నను నేను వేదికల మీద ఎదుటి పక్షానికి చాలాసార్లు వేశాను. వేసిన ప్రతిసారీ చప్పట్లు అందుకున్నాను. అదే ప్రశ్న నా నోటుబుక్కులో, మా అమ్మ మాట మీద నేను గీసిన గీత రూపంలో ఎదురైనప్పుడు మాత్రం దాన్ని గుర్తుపట్టలేదు.

మాది సరిహద్దుకు కన్నడ వైపు, బాగేపల్లి తాలూకా మిట్టేమరి. చిక్కబళ్ళాపుర జిల్లా కేంద్రమైన మరుసటి సంవత్సరం నేను అక్కడ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. నాయన వేరుశనగ, టమోటా పండించేవాడు. అమ్మకు రెండు మూత్రపిండాలూ పని చేయడం మానేశాయి. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి బెంగళూరుకు ఈవలి అంచున ఉన్న ఒక ఆసుపత్రికి వెళ్ళి, నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకుని, రక్తం శుభ్రం చేయించుకుని రావాలి. మొదట్లో బస్సులో వెళ్ళేవారు. తిరుగు ప్రయాణంలో అమ్మకు మెడ నిలిచేది కాదు; కిటికీ ఊచకు తల ఆనించుకుని, ఊచ అచ్చు నుదుటి మీద పడిన ముఖంతో ఇల్లు చేరేది. రెండుసార్లు బస్సు దిగుతూ పడిపోయింది. అప్పుడు నాయన ఒక పాత పెట్రోలు కారు తెచ్చాడు. మా ఊళ్ళో కొందరు దాన్ని డాబు అనుకున్నారు. మాకు అది అమ్మకూ ఆ యంత్రానికీ మధ్య కట్టిన వంద కిలోమీటర్ల తాడు. అది తెగకూడదు. ఆసుపత్రిలో వేళ తప్పితే యంత్రాన్ని తర్వాతి రోగికి ఇచ్చేవారు. అందులో వారి తప్పేమీ లేదు. వరండాలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఎదురుచూస్తూనే ఉండేవారు.

కారు వచ్చిన రెండో నెలలో, స్టీరింగు వెనక పసుపు పచ్చని చిన్న దీపం ఒకటి వెలగడం మొదలుపెట్టింది. ఇంజను బొమ్మ అది. నాయనకు అది నీళ్ళ మోటారులా కనిపించింది. అమ్మ దానికి తాబేలు అని పేరు పెట్టింది. వెలిగినప్పుడు బండి ఒక్కోసారి వెక్కిళ్ళు పెట్టేది. ఒకసారి నడిరోడ్డు మీద ఆగిపోయి, పావుగంట తర్వాత ఏమీ ఎరగనట్టు కదిలింది. కొంతసేపటికి దీపం తనంతట తానే పోయేది. కంపెనీ వర్క్‌షాపులో లోపాలు చదివే పెట్టె తగిలించి చూసి, ఇప్పుడు ఏ లోపమూ కనబడటం లేదు, రెండు మూడు రోజులు బండి ఇక్కడే వదిలితే చూస్తామన్నారు. ఆ బండిని ఎక్కడా వదిలే ధైర్యం మాకు లేదు.

నాయన దాన్ని చింతామణిలో తనకు తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాడు. సెలవు రోజు కావడంతో నేనూ వెళ్ళాను. మెకానిక్ మురుగమల్ల ఊరి మనిషి, ఇంట్లో ఉర్దూ, షెడ్డులో తెలుగు, బిల్లు మీద కన్నడం. నాయన ఆయనను భాయ్ అనేవాడు. ఆయన బానెట్ ఎత్తి, ఇంజను చాలాసేపు తిప్పి చూశాడు. దీపం వెలగలేదు. అంత దూరం పోయి వెలగని దీపాన్ని చూపించినందుకు నాయన సిగ్గుపడ్డాడు.

"సిగ్గెందుకప్పా, ఇది దొంగ జరం మాదిరిది" అన్నాడు మెకానిక్. "డాక్టరు చెయ్యి పట్టుకుంటే ఉండదు. వచ్చినప్పుడు రాండి అనేదానికి మీ ఊరేమన్నా పక్కనుండాదా? అందుకని రాయండి. యాడ వచ్చె, ఎప్పుడు వచ్చె, ఆ పొద్దుకు బండి ఏం చేస్తాండె. రాస్తే నాకు సగం పని."

మా పాప డిబేట్లో కప్పులు తెచ్చింది, రాస్తుంది అని నాయన గర్వంగా చెప్పాడు.

"కప్పులు మనకొద్దప్పా. రాత చాలు."

అలా ఆ బాధ్యత నాకు వచ్చింది. నేను దాన్ని ఎంత గంభీరంగా తీసుకున్నానో చెప్పడానికి ఇప్పుడు సంకోచంగా ఉంది. అట్ట వేసిన నోటుబుక్కులో గళ్ళు గీశాను: తేదీ, చోటు, పరిస్థితి, సాక్షి. చర్చా స్పర్ధెలకు, అంటే డిబేట్ పోటీలకు, సిద్ధమయ్యే పద్ధతి అదే. సాక్షి అమ్మ ఒక్కతే. నాయన కళ్ళు రోడ్డు మీద ఉండేవి. హైవే వెడల్పు చేస్తున్న రోజులవి, ఎక్కడ చూసినా మట్టి కుప్పలు, పక్కదారులు. అమ్మ ముందు సీట్లో కూర్చునేది. తిరిగి వచ్చేటప్పుడు కారు మా హాస్టల్ గేటు ముందు రెండు నిమిషాలు ఆగేది. అమ్మ చేతికి తెల్లటి కట్టు ఉండేది, పెదవులు ఎండిపోయి ఉండేవి. నేను కిటికీ దగ్గర వంగి అడిగేదాన్ని.

"వచ్చిందా అమ్మా?"

"వచ్చె. వర్లకొండ కాడ కొండెక్కె."

వర్లకొండ బాగేపల్లికి ఇవతల హైవే మీది ఊరు. పేరులోనే కొండ ఉంది, పక్కనే కొండ ఉంది, రోడ్డు కూడా అక్కడ ఎత్తుగా ఉంటుంది. నేను రాసుకున్నాను: వర్లకొండ దగ్గర, కొండ ఎక్కేటప్పుడు, దీపం వెలిగింది. అమ్మ చెప్పింది తెలుగులో. నేను రాసింది కన్నడంలో. మా ప్రాంతంలో ఇది వింత కాదు. మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చేది కన్నడం. తెలుగు అక్షరాలు నాకు అప్పటికి రావు. అమ్మ వాక్యంలో కర్త లేదు. తెలుగులో ఉండనక్కర లేదు. ఆ ఖాళీలో నేను కారును కూర్చోబెట్టాను. 'బెట్ట హత్తువాగ', కొండ ఎక్కేటప్పుడు, అని కన్నడంలో గుండ్రంగా రాసిన తర్వాత, అది ఇక అమ్మ మాట కాదు, నా ఆధారం.

మూడు నాలుగు వారాల్లో గళ్ళు నిండాయి. వర్లకొండ చాలాసార్లు వచ్చింది. పేరేసంద్ర వచ్చింది. బాగేపల్లి ఊరి ముందర వచ్చింది. అన్నిటికీ అమ్మ ఒకే మాట వాడింది. నేను రోడ్డును తలచుకుని, అక్కడ కొంచెం ఎత్తు ఉంది, ఇక్కడ కొంచెం మిట్ట ఉంది అని సరిపెట్టుకున్నాను. నా వాదన అందంగా నిలబడింది: ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను మీద భారం పడుతుంది, భారానికి చాలినంత పెట్రోలు అందడం లేదు, అందుకే దీపం.

ఒక మంగళవారం అమ్మ కిటికీలోంచి, "ఈ పొద్దు రైలు గేటు కాడ కొండెక్కె" అంది.

చిక్కబళ్ళాపుర దగ్గరి రైలు గేటు అది. చుట్టూ చదును నేల. అక్కడ ఎక్కడానికి కొండ లేదు. ఈ మాట వినగానే ఏ ప్రశ్న వేయాలో చిన్న పిల్లకు కూడా తెలుసు. వెనక ఎవరో హారన్ కొట్టారు. నాయన గేరు వేశాడు. అమ్మ కళ్ళు మూసుకుంది. ఇవన్నీ సాకులు. నిజమేమిటంటే నాకు అడగాలనిపించలేదు. గదికి వెళ్ళి ఆ మాటను అమ్మ అన్నట్టే కన్నడ అక్షరాల్లో రాసి, దాని మీద అడ్డంగా ఒక గీత గీశాను. పక్కన కారణం కూడా రాశాను: సాక్షి అలసట.

తర్వాతి ఆదివారం నాయనా నేనూ చింతామణి వెళ్ళాం. అమ్మ ఇంట్లో పడుకుని ఉంది. షెడ్డులో నిలబడి నోటుబుక్కు చదివి వినిపించి, నా నిర్ణయం చెప్పాను. నాయన ఒక్కసారి అడ్డుతగిలాడు. గట్ల మీదే వస్తోందని తనకు ఎన్నడూ అనిపించలేదన్నాడు. నువ్వు రోడ్డు చూస్తున్నావు కదా, దీపం చూడటం లేదు కదా అన్నాను. నాయన ఒప్పుకుని తల ఊపాడు. నా చదువు మీద గౌరవంతో ఊపాడు.

మెకానిక్ కొంచెం ఆలోచించి, "అమ్మనొగసారి పిలుచుకొని రాండప్పా, రెండు మాటలు అడుగుతాను" అన్నాడు.

ఆమె చెప్పిందే రాశానని, ఆమె ఆరోగ్యం ఇంత దూరం రానివ్వదని, మళ్ళీ అడిగినా ఇదే చెబుతుందని నేనన్నాను. మూడూ నేను చాలా మర్యాదగానే అన్నాను. ఆయన పని మొదలుపెట్టాడు. పెట్రోలు పంపు మార్చాడు, ఫిల్టరు మార్చాడు, ప్లగ్గులు మార్చాడు. బండిని ఊరి బయట మిట్ట మీదికి రెండుసార్లు ఎక్కించి దించాం. దీపం రాలేదు. రాకపోవడం దేనికీ రుజువు కాదని నేను వేదికల మీద ఎన్నోసార్లు చెప్పి ఉంటాను. ఆ రోజు దాన్నే రుజువుగా తీసుకుని ఇంటికి వచ్చాను.

తర్వాత మూడు ప్రయాణాలు బాగా జరిగాయి. నాలుగోది శుక్రవారం.

ఆ రోజు ఏమి జరిగిందో నాయన చెప్పగా తెలిసింది. బాగేపల్లి దాటగానే తాబేలు కనిపించింది. పేరేసంద్ర తర్వాత పక్కదారిలో లారీల వెనక నడక వేగంతో పోతున్నారు. ఎండ, ధూళి, అద్దాలు మూసి ఉన్నాయి. అమ్మ, కొంచెంసేపు బండి నిలుపు, అది కొండెక్కినాక పోదాం అంది. అప్పటికే ఆలస్యమైంది. నాయన ఆమెకు ధైర్యం చెప్పాడు: ఇది గట్టు ఎక్కేటప్పుడు వచ్చే జబ్బని పాప కనిపెట్టింది, దానికి మందు కూడా వేయించాం, ఇది చదును నేల, భయం లేదు. భార్య మాటకు కూతురి మాటతో జవాబిచ్చాడు. ఇంకో రెండు మైళ్ళు పోయాక ఇంజను ఆగిపోయింది. మళ్ళీ కదలలేదు.

టమోటా బుట్టల లారీ ఒకటి వారిని చిక్కబళ్ళాపుర దాకా తెచ్చింది. అమ్మను డ్రైవరు పక్కకు ఎక్కించడానికి ఇద్దరు కూలీలు ఎత్తి పట్టుకోవలసి వచ్చింది. నాయన ఫోన్ చేస్తే నేను బస్టాండుకు పరిగెత్తాను. అక్కడి నుంచి బస్సు. అమ్మ నా భుజం మీద తల వాల్చి వచ్చింది. ఊచకు బదులు భుజం, అంతే తేడా. మేము చేరేసరికి యంత్రం మీద వేరే మనిషి ఉన్నాడు. మరుసటి రోజు మధ్యాహ్నం దాకా ఖాళీ కాలేదు. ఈలోగా అమ్మకు పడుకుంటే ఊపిరి అందేది కాదు, కూర్చుంటే నడుము నిలిచేది కాదు. కాలి మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోయింది. నేను పక్కన కూర్చుని ఆ గుంట పూడేదాకా చూసి, మళ్ళీ నొక్కకుండా చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఆక్సిజన్ పెట్టారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఆ తడవకు బయటపడింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గుండె బలహీనపడిందని కాగితం మీద రాశాడు.

చెడిపోయిన కారును తాడు కట్టి చింతామణికి లాగించారు. దాన్ని చూడటానికి మేము వెళ్ళేటప్పుడు, తానూ వస్తానని అమ్మ పట్టుబట్టింది. బస్సులోనే వచ్చింది. మెకానిక్ ఆమెకు షెడ్డు నీడలో బెంచీ వేసి, ఫ్యాను అటు తిప్పి, నన్ను దాటి పోయి ఆమె ఎదుట గొంతుక్కూర్చున్నాడు. నా దగ్గర తీసుకున్న నోటుబుక్కు ఆయన చేతిలో ఉంది.

"అమ్మా, నువ్వు చెప్పు. యాడ వచ్చేది?"

"వచ్చేది నాకు సరిగ్గా తెలీదప్పా. కండ్లు మూసుకోనుంటాను. తెరిస్తే ఉంటాది. పోయేది మటుకు చూస్తాను, దానికోసమే కాసుకోనుంటాను. వర్లకొండ కాడ నా మాత్రలకు నిలుపుతాడు, ఆడ కొండెక్కుతాది. పేరేసంద్రలో ఈయప్ప టీ తాగితే ఆడ. ఒగనాడు రైలు గేటు పడి నిలిస్తే ఆడ."

మెకానిక్ పుట తిప్పి, గీత కొట్టిన వరుస మీద వేలు పెట్టాడు.

"గేటు కాడ కొండ యాడుండాదమ్మా?"

"కొండ కాదప్పా, దీపం."

ఆయనకు ఇంకా అర్థం కాలేదు. అమ్మ కొంచెం ఇబ్బందిగా, నవ్వినట్టుగా ముఖం పెట్టి, తగ్గు గొంతుతో చెప్పింది.

"ఆరిపాయ అని నోటితో ఎట్లంటాను, నేను కూర్చున్న బండిలో?"

ఇది చదువుతున్న మీలో చాలామందికి హాస్టల్ గేటు దగ్గరే తెలిసిపోయి ఉంటుంది. మా ఇంట్లో కూడా దేవుడి దగ్గర దీపం ఆరితే ఎవరూ ఆరిందనరు. కొండెక్కింది అంటారు. చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. అయితే ఆ మాట నూనెకూ వత్తికీ సంబంధించినదని, కారులోని పసుపు బల్బు ఇంకో లోకానిదని నేను అనుకున్నాను. అమ్మకు రెండూ దీపాలే. వెలుగుతున్న దీపం పోవాలని కోరుకోవడమే ఆమెకు కష్టంగా ఉండి ఉంటుంది. పోయిందని చెప్పవలసి వచ్చినప్పుడు, తన ప్రాణం యంత్రం మీద ఆధారపడి ఉన్న రోజుల్లో, ఉన్నంతలో మంగళకరమైన మాటను వెతుక్కుంది. నేను ఆ మాటను కొండగా మార్చి, కొండ కనబడని చోట ఆమెనే కొట్టివేశాను.

మెకానిక్ లేచాడు. బండి నిలిపితే ఇంజను చల్లబడుతుంది. చల్లబడితే దీపం పోతుంది. అంటే వేడికి పనిచేయడం మానేసే సామాను ఏదో ఉంది. అది తేల్చడానికి ఆయనకు గంట కూడా పట్టలేదు. ఎదురు టీ కొట్టు నుంచి మరిగిన నీళ్ళ చెంబు తెప్పించాడు. ఇన్నాళ్ళకు చల్లబడిన ఇంజను తాళం తిప్పగానే లేచింది; అది నడుస్తుండగా, కింది భాగంలో బొటనవేలంత ఉన్న ఒక సెన్సారు మీద ఆ నీళ్ళు సన్నగా పోశాడు. తాబేలు వెలిగింది. ఇంజను వెక్కి ఆగిపోయింది. చల్లటి నీళ్ళు పోసి కాసేపు ఆగి తాళం తిప్పాడు. ఇంజను లేచింది, దీపం లేదు. మళ్ళీ వేడి నీళ్ళు, మళ్ళీ వెలుగు. మూడోసారి చూడవలసిన అవసరం ఎవరికీ లేకపోయింది.

కొత్త సెన్సారు బిగించాక ఆయన చేతులు తుడుచుకుని నోటుబుక్కు నాకు తిరిగి ఇచ్చాడు. కోపం లేదు ఆ ముఖంలో. అదే నన్ను ఎక్కువ బాధించింది.

"నీ రాత బాగుండాది పాపా. అమ్మ మాటే యాడా లేదు."

నేను ఆ రోజు అమ్మకు క్షమాపణ చెప్పలేదు. తిరుగు దారిలో ఆమె నన్ను ఓదార్చబోయింది. తాను అర్థమయ్యేట్టు చెప్పి ఉండవలసిందంది. తప్పును తన మీద వేసుకునే ఆ అలవాటు ముందు నా తర్కం పనికిరాలేదు. అడగవలసింది నేనని చెప్పాలనుకున్నాను. చెప్పడానికి ఇంకా సమయం ఉందనుకున్నాను.

కారు ఆ తర్వాత ఎన్నడూ ఆగలేదు. తాబేలు మళ్ళీ కనిపించలేదు. అయినా అమ్మ ప్రతి ప్రయాణంలోనూ, కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ, స్టీరింగు వెనక ఆ నల్లటి చోటునే చూసేదని నాయన అనేవాడు. మరుసటి ఎండాకాలం రాకముందే, ఒక బుధవారం ఉదయం, యంత్రం వేళకు ఇంకా రెండు రోజులుండగా, ఇంట్లోనే పోయింది. ఆ ఒక్క శుక్రవారమే కారణమని చెప్పలేమని డాక్టరు అన్నాడు. కాదని కూడా ఆయన అనలేదు. ఈ విషయం మీద రెండు పక్షాలా వాదించగల సామర్థ్యం నాకు ఉంది. కొన్నేళ్ళుగా రెండు పక్షాలా వాదిస్తూనే ఉన్నాను. ఎవరూ గెలవలేదు.

అమ్మ తలవైపు పెట్టిన దీపం మూడో రోజు మధ్యాహ్నం, నూనె ఉండగానే, గాలికి పోయింది. వంటింట్లోంచి మేనత్త, దీపం ఉండాదా అని అడిగింది. నాయన తలుపు దగ్గర కూర్చుని ఉన్నాడు. నావైపు చూశాడు. నేనే చెప్పాను. ఆ మాటను దాని సరైన అర్థంలో నా నోటితో అనడం అదే మొదటిసారి.

ఆ తర్వాత తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. కన్నడం వచ్చిన చేతికి అది పెద్ద శ్రమ కాదు. రెండు వారాలు పట్టింది. రెండు వారాల పని అది. అమ్మ ఉండగా ఆ పని చేసి ఉండవచ్చు. నోటుబుక్కులో కొట్టివేసిన ఆ వరుస కింద, ఆమె అన్న మాటను ఆమె అన్నట్టే, తెలుగులో రాశాను. గీతను చెరపలేదు. 'సాక్షి అలసట' అన్న రాతనూ చెరపలేదు. అలసిపోయిన సాక్షి ఎవరో తెలియాలంటే అది అక్కడ ఉండాలి.

ఇక మీకు నేను చేసే విన్నపం ఒక్కటే. మీ ఇంట్లోనూ ముందు సీట్లో మౌనంగా కూర్చుని చూసే మనిషి ఒకరు ఉంటారు. నొప్పి గురించో, భయం గురించో, యంత్రం గురించో వారు ఏదో చెప్పి ఉంటారు; మీ లెక్కలో ఇమడక మీరు దాన్ని కొట్టివేసి ఉంటారు. ఈ పుస్తకం పక్కన పెట్టి ఇప్పుడే వారి దగ్గరికి వెళ్ళండి. ఆ రోజు నువ్వన్న మాటకు అర్థమేమిటని అడగండి. వారు చెప్పేది మీ భాషలోకి మార్చకుండా, వారి నోట వచ్చినట్టే ఒక కాగితం మీద రాసి, వారికే చదివి వినిపించి, సరిగ్గా ఉందో లేదో చెప్పమనండి. రేపటికి వాయిదా వేయకండి.